రివ్యూయర్ "నేటివ్ స్పీకర్‌తో దిద్దించండి" అన్నాడు, ఎవరిని పట్టుకోవాలి?

చపాట స్కాలర్ (హన్మకొండ)

అందరికీ నమస్తే. ఇక్కడే యూనివర్సిటీలో బోటనీ పీహెచ్‌డీ చేస్తున్నాను. చపాట మిర్చి మీద నల్ల తామర పురుగు (థ్రిప్స్) నా టాపిక్. మొదటి పేపర్ ఒక విదేశీ జర్నల్‌కు పంపితే మేజర్ రివిజన్ అని, అంటే బాగా మార్చి మళ్లీ పంపమని వచ్చింది. పేపర్ చదివి అభిప్రాయం చెప్పే రివ్యూయర్లు ఇద్దరు. ఒకటో ఆయన రాసింది రెండే లైన్లు: డేటా బాగుంది, ఇంగ్లిష్ బాగాలేదు, నేటివ్ స్పీకర్‌తో దిద్దించండి. రెండో ఆయన పేజీన్నర రాశాడు. అందులో ఇంగ్లిష్ ఊసే లేదు. ఈ పని ఎందుకు చేశారో ఇంట్రడక్షన్ చదివితే తెలియట్లేదు, డిస్కషన్‌లో రిజల్ట్స్‌నే మళ్లీ చెప్పారు, కంక్లూజన్ డేటాను దాటిపోయింది అని.

నేను పది దాకా పరకాల దగ్గర సర్కారు బడి, తెలుగు మీడియం. మా గైడ్ సారు "ఎవరికైనా పైసలిచ్చి ఇంగ్లిష్ చూపించి పంపెయ్యి" అంటున్నారు. ఎడిటింగ్ కంపెనీల రేట్లు నా ఫెలోషిప్‌తో అయ్యేవి కావు. నేటివ్ స్పీకర్‌ని నేనెక్కడి నుంచి తేవాలి? ఏఐతో దిద్దుకుంటే పట్టుకుంటారా? తెలిసినవాళ్లు చెప్పండి. జర టెన్షన్‌గా ఉంది.

నయీంనగర్ బ్యాచిలర్

కంపెనీకి కట్టెయ్ అక్కా. సర్టిఫికెట్ ఇస్తారు, అది జత చేస్తే మళ్లీ ఇంగ్లిష్ అని అనరు. మా సీనియర్లంతా అదే చేశారు.

వడ్డేపల్లి మాస్టారు

అమ్మా, డబ్బు కట్టే ముందు ఆ ఇద్దరి వ్యాఖ్యలూ పక్కపక్కన పెట్టుకుని చదువు. ఇద్దరూ చెప్పింది ఒకే జబ్బు గురించి అని నా అనుమానం. చదువుతుంటే పేపర్ ఎటు పోతోందో ఒకటో ఆయనకు అంతుపట్టలేదు. దానికి "ఇంగ్లిష్" అని పేరు పెట్టి చేతులు దులుపుకున్నాడు. రెండో ఆయన ఓపిక చేసుకుని ఎక్కడెక్కడ తెగిందో చూపించాడు. నీకు పనికొచ్చేది ఆ పేజీన్నర.

నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైర్ అయినవాణ్ణి. రిసెర్చ్ పిల్లల డ్రాఫ్టులు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటాయి. ఆర్టికల్స్, ప్రిపొజిషన్ల తప్పులు పేజీ నిండా ఉంటాయి, నిజమే. కానీ రాళ్లు ఏరినంత మాత్రాన అన్నం ఉడకదు. పేపర్ దేని కోసమో మొదటి పేజీలో తేలకపోతే, లండన్‌లో పుట్టినవాడు దిద్దినా తేలదు.

జాన్ స్వేల్స్ అనే భాషాశాస్త్రవేత్త 1990లో ఇంట్రడక్షన్లకు ఒక నమూనా చెప్పాడు. అచ్చయిన పేపర్లు విప్పి చూసి తయారుచేసింది అది. ముందు ఈ రంగంలో ఇప్పటిదాకా ఏం తెలుసో చెబుతారు. తర్వాత అందులో ఖాళీ ఎక్కడుందో చూపిస్తారు. ఆపైన ఆ ఖాళీలో నా పని ఇదీ అని నిలబడతారు. మన పిల్లలు మొదటిది మూడు పేజీలు రాస్తారు, మూడోది రెండు లైన్లు రాస్తారు, మధ్యది రాయనే రాయరు. రెండో రివ్యూయర్ అడిగింది ఆ మధ్యదే.

ఈ పద్ధతి ఇంగ్లిష్ ఇంట్లో మాట్లాడే పిల్లలకూ పుట్టుకతో రాదు. పండితుల భాష ఎవరికీ తల్లిభాష కాదని ఫ్రాన్స్‌లో బోర్డ్యూ, పస్సెరాన్ అనే సమాజశాస్త్రవేత్తలు తమ దేశపు విద్యార్థుల గురించే అన్నారు.

కాజీపేట జంక్షన్

మాస్టారూ, ఇంట్రడక్షన్ సంగతి ఒప్పుకుంటా. కానీ "ఎవరికీ తల్లిభాష కాదు" అన్న దగ్గర నాకు పేచీ ఉంది. అందరికీ పరాయిదే అయితే అందరికీ ఒకే ఖర్చు పడాలి కదా. పడట్లేదు. 2023లో ప్లాస్ బయాలజీ జర్నల్‌లో తత్సుయా అమానో బృందం వేసిన సర్వే చూడండి. 8 దేశాల్లో పర్యావరణ శాస్త్రాల మీద పనిచేసే 908 మందిని అడిగారు. మన పక్కనున్న నేపాల్, బంగ్లాదేశ్ కూడా అందులో ఉన్నాయి. భాష బాగాలేదని పేపర్ తిరగ్గొట్టడం ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు నేటివ్‌ల కంటే 2.5 రెట్లకు పైగా ఎక్కువ. భాష దిద్దుకుని రండి అనడం 12.5 రెట్లు ఎక్కువ. ఒక పేపర్ చదవడానికీ రాయడానికీ పట్టే టైమ్ కూడా ఎక్కువే.

నేను ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ. కోడ్ నడవడానికి పట్టిన టైమ్ కంటే దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పడానికి పట్టిందే ఎక్కువ. ఆ టైమ్‌లో నేటివ్ వాడు ఇంకో ప్రయోగం మొదలుపెడతాడు. అది లెక్కలోకి రావద్దా?

వడ్డేపల్లి మాస్టారు

రావాలి బాబూ. ఈ లొల్లి పండితుల మధ్య కూడా జరిగింది. కెన్ హైలాండ్ అనే ఆయన 2016లో, భాషా అన్యాయం అనేది ఒక అపోహ అని వాదిస్తూ వ్యాసం రాశాడు. అసలు తేడా నేటివ్‌కూ నాన్-నేటివ్‌కూ మధ్య కాదు, రాసి రాసి చేయి తిరిగినవాడికీ కొత్తవాడికీ మధ్య అని ఆయన మాట. అదే ఏడాది అదే జర్నల్‌లో పొలిట్జర్-ఆలెస్, మరికొందరు కలిసి జవాబిచ్చారు. నేటివ్‌లకూ కష్టం ఉన్నంత మాత్రాన మిగతావాళ్ల మీద పడే అదనపు బరువు మాయమైపోదని.

నా మటుకు, బరువు విషయంలో నువ్వు చెప్పింది నిజం. మందు విషయంలో హైలాండ్ చెప్పింది పనికొస్తుంది. అన్యాయం ఉందని తెలుసుకున్నంత మాత్రాన ఈ అమ్మాయి ఇంట్రడక్షన్‌లో ఖాళీ పూడదు. ఇంకొకటి, ఆ సర్వేలో ఉన్నది ఎవరికి వాళ్లు చెప్పుకున్న అనుభవం. భాష బాగాలేదు అన్న ప్రతిచోటా నిజంగా భాషే బాగాలేదా అన్నది అందులో తేలే విషయం కాదు.

హుజూరాబాద్ టు లీడ్స్

మాస్టారుకు నమస్కారం. నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో పోస్ట్‌డాక్. మాది హుజూరాబాద్ దగ్గర పల్లె. నేటివ్‌ల డ్రాఫ్టులు రోజూ చూస్తుంటాను కాబట్టి ఆ వైపు సంగతి చెబుతా.

వాళ్ల పిల్లల మొదటి డ్రాఫ్ట్ కూడా ఎర్ర ఇంకుతోనే తిరిగొస్తుంది. ఆర్టికల్స్ తప్పులుండవు, అంతే. ఫ్రెండ్‌తో మాట్లాడినట్టు రాస్తారు. ఒకే పేరాలో మూడు విషయాలు కలిపేస్తారు. వాళ్ల ఊళ్లో తప్ప ఎవరికీ తెలియని నుడికారం పెడతారు, అది బ్రెజిల్‌లో చదివేవాడికి అందదు. మా ప్రొఫెసర్ ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి డ్రాఫ్ట్ మీద "సో వాట్?" అని మార్జిన్ పొడుగునా రాసిపెట్టాడు.

తేడా ఎక్కడంటే, ఆ అమ్మాయి పేపర్ అర్థం కాకపోతే రివ్యూయర్ "వాదన స్పష్టంగా లేదు" అని రాస్తాడు. నా పేపర్ అర్థం కాకపోతే పైన నా పేరు, అడ్రస్ చూసి "ఇంగ్లిష్" అని రాస్తాడు. వాదన స్పష్టంగా లేదంటే ఆమెకు ఏం దిద్దాలో తెలుస్తుంది. ఇంగ్లిష్ అంటే నాకు ఏమీ తెలియదు. కాజీపేట తమ్ముడు చెప్పిన అదనపు టైమ్‌లో కొంత ఇలా పోతుంది.

చెల్లె, నీ ఇంట్రడక్షన్ మొదటి పేరా ఇక్కడ పెట్టు, చూద్దాం.

చపాట స్కాలర్

సరే అన్నా. మొదటి వాక్యం ఇది: "చిల్లీ ఈజ్ ఎ వెరీ ఇంపార్టెంట్ స్పైస్ క్రాప్ గ్రోన్ ఆల్ ఓవర్ ది వరల్డ్ సిన్స్ ఏన్షియంట్ టైమ్స్." ఆ తర్వాత పోర్చుగీసువాళ్లు మిర్చి తెచ్చిన సంగతి, విటమిన్ సి, దేశంలో ఎన్ని హెక్టార్లు, తెలంగాణలో ఎన్ని హెక్టార్లు, ఎనుమాముల మార్కెట్, మిర్చికి వచ్చే అన్ని పురుగుల పేర్లు. నల్ల తామర పురుగు మూడో పేజీలో వస్తుంది. మా సీనియర్ల థీసిస్‌లన్నీ ఇలాగే మొదలవుతాయి, నేను అదే వరుసలో వెళ్లాను.

వడ్డేపల్లి మాస్టారు

థీసిస్‌లో అది చెల్లుతుంది, అక్కడ నీకు చదువు ఉందని చూపించుకోవాలి. జర్నల్ చదివేవాడికి మిర్చి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పోర్చుగీసువాళ్లను పంపించెయ్.

నాకు ఒకటి చెప్పు. ఈ పురుగు మీద ఇప్పటిదాకా వచ్చిన పని ఏ రకాల మిర్చి మీద జరిగింది? నువ్వు చపాటనే ఎందుకు తీసుకున్నావు?

చపాట స్కాలర్

నేను చదివినంతలో ఎక్కువ హైబ్రిడ్ల మీదే సార్. చపాట వేరే తీరుగా ఉంటుంది. కాయ టమాటలాగా గుండ్రంగా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ. రంగు కోసమే కొంటారు. పురుగు పువ్వులో చేరి గీకితే కాయ వంకర పోతుంది, రంగు కూడా పోతుంది. అంటే బరువు తగ్గకపోయినా రేటు పడిపోతుంది. 2025లో వరంగల్ చపాటకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కాబట్టి రంగు లెక్క ఇప్పుడు ఇంకా ముఖ్యం. హైబ్రిడ్ల మీద చేసినవాళ్లు దిగుబడి కొలిచారు, రంగు కొలవలేదు. నేను రంగు కొలిచాను.

వడ్డేపల్లి మాస్టారు

ఇదే అమ్మా నీ ఇంట్రడక్షన్. ఇప్పుడు నువ్వు ఇక్కడ రాసిన వరుస చూడు. ఒక్క వాక్యం కూడా ఎటూ పోలేదు. తెలుగులో అడిగితే సూటిగా చెప్పావు, ఇంగ్లిష్‌లో రాయమంటే పోర్చుగల్ దాకా వెళ్లావు. ఇందులో గ్రామర్ పాత్ర ఎంత చెప్పు?

మొదటి వాక్యంలోనే పురుగును తీసుకురా. మన దేశంలో దీన్ని మొదట 2015లో బొప్పాయి మీద గుర్తించారు, 2021లో తెలంగాణ, ఆంధ్ర మిర్చి తోటల మీద విరుచుకుపడింది. అక్కడ మొదలుపెట్టు. రెండో పేరాలో హైబ్రిడ్ల మీద ఎవరెవరు ఏం కొలిచారో చెప్పు. "హవెవర్" అని మొదలుపెట్టి, రంగు కోసం పండించే రకాల్లో నష్టం ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదని చెప్పు. "హియర్ వియ్" అని నువ్వు చేసింది చెప్పు. పేజీకి మించకూడదు. ఎవరూ చూడలేదు అనే ముందు మాత్రం మరోసారి గట్టిగా వెతుక్కో, ఆ ముక్క దగ్గరే రివ్యూయర్లు కాచుకుని ఉంటారు.

పీజీ డాక్టర్ (వరంగల్)

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. "వియ్" వాడొచ్చా సార్? మా గైడ్ మేడమ్ "వియ్" కనిపిస్తే కొట్టేస్తారు. "ఇట్ వాజ్ అబ్జర్వ్‌డ్ దట్" అని రాయమంటారు. సైన్స్ అంటే పాసివ్ వాయిసే అట.

హుజూరాబాద్ టు లీడ్స్

డాక్టర్ గారూ, నేచర్ జర్నళ్లు రచయితలకు ఇచ్చే సూచనల్లోనే యాక్టివ్ వాయిస్ మేలని రాసి ఉంటుంది. 1953లో వాట్సన్, క్రిక్ డీఎన్‌ఏ పేపర్ మొదటి మాటే "వియ్". మెథడ్స్‌లో ఎవరు చేశారన్నది ముఖ్యం కాదు కాబట్టి పాసివ్ బాగానే ఉంటుంది. కానీ డిస్కషన్‌లో "ఇట్ వాజ్ కన్సిడర్డ్ దట్" అంటే ఎవరు అనుకున్నారు? మీరా, మీకు ముందు రాసినవాళ్లా? అక్కడ తేడా రావాలి. థీసిస్‌కు మేడమ్ చెప్పినట్టు చేయండి, లొల్లి వద్దు. పేపర్‌కు జర్నల్ చెప్పినట్టు చేయండి.

జగిత్యాల అగ్రి

నేను వ్యవసాయ పరిశోధనలో ఉన్నాను, రివ్యూయర్ పని కూడా చేస్తుంటాను. చెల్లె కంక్లూజన్ డేటాను దాటిందన్న వ్యాఖ్య గురించి ఎవరూ మాట్లాడలేదు. నా దగ్గరికి వచ్చే మన వాళ్ల పేపర్లలో నేను ఎక్కువసార్లు రాసే వ్యాఖ్య అదే.

ఒక్క యాసంగి, ఒక్క ఊరు, మూడు రెప్లికేషన్లు (అదే ప్రయోగం మూడుసార్లు). కింద "ప్రూవ్స్ దట్" అని ఉంటుంది. ఇంకో రకం ఉంటారు. వాళ్లకు ఎవరో "మే" వాడమని చెప్పి ఉంటారు. "మే పాసిబ్లీ సజెస్ట్ దట్ ఇట్ మైట్" అని నాలుగు పొరలు చుడతారు. రెండూ ఒకటే రోగం. డేటా ఎంతవరకు మోస్తుందో రాసినవాడికి తేల్చుకోబుద్ధి కాలేదని అర్థం.

నేను ఇలా చూస్తా. కొలిచింది కొలిచినట్టు గట్టిగా చెప్పాలి: పురుగు ఎక్కువున్న చెట్ల కాయల్లో రంగు ఇంత తగ్గింది. అక్కడ "మే" అక్కర్లేదు, మీరు చూశారు కదా. ఎందుకు తగ్గిందన్నది మీరు కొలవలేదు, అక్కడ ఒక్క "మే" చాలు. తెలంగాణ మొత్తానికి ఇది వర్తిస్తుందా అన్న చోట ఎన్ని ఊళ్లలో, ఎన్ని సీజన్లలో చేశారో చెప్పి ఆగిపోవాలి. ఈ లెక్క నేటివ్‌లకు ఉగ్గుపాలతో వస్తుందనుకుంటే పొరపాటు. అమెరికా నుంచి వచ్చే పేపర్లలో కూడా ఒక్క సీజన్ డేటాతో ప్రపంచాన్ని మార్చేసినవాళ్లను చూశాను. కాకపోతే వాళ్ల ఇంగ్లిష్ నున్నగా ఉంటుంది కాబట్టి రివ్యూయర్ కన్ను జారిపోయే ప్రమాదం ఉంది.

కాజీపేట జంక్షన్

అంటే గ్రామర్ సమస్యే కాదంటారా అందరూ? నా వాక్యాలు నాకే చదవబుద్ధి కావు. తప్పు ఎక్కడుందో గ్రామర్ చెకర్ కూడా చూపించదు.

వడ్డేపల్లి మాస్టారు

సమస్యే. ఆర్టికల్స్ గురించి మాత్రం పరేషాన్ కావద్దు. మన భాషలో అవి లేవు, అందుకే ఎంత చదివినా అక్కడక్కడ జారిపోతాయి. ఆ పని ఇప్పుడు యంత్రం చేసి పెడుతుంది. నువ్వు చెప్పేది ఇంకోటి, వాక్యం కట్టుబడి. దాని మీద కాసేపు కూర్చుంటే ఫలితం ఉంటుంది.

తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. "పరకాల, నర్సంపేట, గీసుగొండ నుంచి వానాకాలంలో తెచ్చి, నీడలో ఆరబెట్టి, పొడి చేసిన శాంపిళ్లను విశ్లేషించాం." చదివేవాడు చివరిదాకా ఆగుతాడు, మనకది అలవాటు. ఇదే వాక్యాన్ని ఇంగ్లిష్‌లో పెట్టి "శాంపిల్స్" అని మొదలెట్టి, ఎక్కడివి, ఎప్పుడు తెచ్చాం, ఎలా ఆరబెట్టాం అన్నీ చెప్పి, చిట్టచివర "వర్ అనలైజ్డ్" అంటే, ఇంగ్లిష్ చదివేవాడు కర్తను చేతిలో పట్టుకుని క్రియ కోసం వెతుకుతూ ఉంటాడు. మధ్యలో చెప్పినదేదీ బుర్రలోకి పోదు. గ్రామర్ ప్రకారం తప్పేమీ లేదు. అందుకే చెకర్ పట్టుకోదు. 1990లో గోపెన్, స్వాన్ అని ఇద్దరు దీన్ని వివరంగా రాశారు. కర్త వెంటనే క్రియ రావాలి, పాఠకుడికి తెలిసిన సంగతి వాక్యం మొదట్లో, కొత్త సంగతి చివర్లో ఉండాలి అని. వాళ్లు ఎత్తి చూపిన వాక్యాలు మనలాంటివాళ్లవి కావు, అచ్చయిన సైన్స్ పేపర్లలోవే.

రెండు ముక్కలు చెయ్యి. శాంపిళ్లు ఎక్కడ, ఎప్పుడు తెచ్చావో ఒకటి. ఆరబెట్టి, పొడి చేసి, విశ్లేషించడం ఇంకొకటి. ఇంగ్లిష్‌లో చిన్న వాక్యం రాస్తే చదువు తక్కువ అనుకుంటారన్న భయం మన దగ్గర బాగా ఉంది. అదెక్కడి నుంచి వచ్చిందో గానీ పోవాలి.

(వాన మొదలైంది, ఇక్కడ కరెంటు పోయేలా ఉంది. మళ్లీ వస్తా.)

నయీంనగర్ బ్యాచిలర్

ఇంట్రడక్షన్ మళ్లీ రాస్తే సిమిలారిటీ (వేరేవాళ్ల రాతలతో కలిసే శాతం) పెరగదా? మా దగ్గర 10% దాటితే తీసుకోరు. క్యాంపస్ బయట ఒక సెంటర్‌లో ఎంత ఉన్నా తగ్గించి ఇస్తామంటున్నారు.

హుజూరాబాద్ టు లీడ్స్

తమ్మీ, ఆ సెంటర్ జోలికి పోకు. వాళ్లు చేసేది సాఫ్ట్‌వేర్‌లో వేసి మాటలు మార్చడం. 2021లో కబనాక్, లాబే, మగజినోవ్ అనే ముగ్గురు ఇలాంటి పేపర్ల గుట్టు బయటపెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అయింది, బ్రెస్ట్ క్యాన్సర్ "బూజమ్ పెరిల్" అయింది. ఇప్పుడు అలాంటి మాటల కోసం పేపర్లను జల్లెడ పడుతున్నారు. దొరికితే పేపర్ వెనక్కి తీసుకోవాల్సి రావచ్చు.

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనలు ఒకసారి పూర్తిగా చదువు. 10% దాకా శిక్ష లేదు. థీసిస్‌లో 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోపు దిద్ది ఇమ్మంటారు, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మామూలుగా అందరూ వాడే మాటలు వరసగా 14 దాకా కలిసినా లెక్కలోకి రావని కూడా అందులోనే ఉంది. కాబట్టి "వాజ్ డిటర్మిన్డ్ బై" లాంటివి ఇంకొకరి పేపర్‌లో ఉన్నాయని భయపడక్కర్లేదు. మాంచెస్టర్ యూనివర్సిటీవాళ్లు ఇలాంటి వాక్యపు చట్రాలన్నీ ఏరి అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ అని ఇంటర్నెట్‌లో పెట్టారు, చూడటానికి పైసా అక్కర్లేదు. చట్రం అందరిదీ, లోపల పెట్టే విషయం నీది.

చపాట స్కాలర్

అన్నా, మరి ఏఐ సంగతి? మా ల్యాబ్‌లో కొందరు డ్రాఫ్ట్ మొత్తం అందులో వేసి తీస్తున్నారు. సాఫ్ట్‌వేర్ పట్టేసుకుంటుందని ఇంకొందరు భయపెడుతున్నారు.

కాజీపేట జంక్షన్

నేను వాడతాను. ఇన్నాళ్లకు మనలాంటివాళ్లకు ఫ్రీగా దిద్దిపెట్టేవాడు ఒకడు దొరికాడు, ఇప్పుడు అది తప్పంటే ఎలా? ఏఐని పట్టే సాఫ్ట్‌వేర్ల మాట నమ్మకండి. 2023లో స్టాన్‌ఫర్డ్‌వాళ్లు, ఇంగ్లిష్ మాతృభాష కాని విద్యార్థులు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకు సొంతంగా రాసిన 91 వ్యాసాలను అలాంటి 7 సాఫ్ట్‌వేర్లలో వేసి చూశారు. సగటున 61% వ్యాసాలను మెషీన్ రాసిందనే అన్నాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లలవి వేస్తే దాదాపు అన్నీ మనుషులవేనని సరిగ్గా చెప్పాయి. మన దగ్గర ఉన్న మాటలు తక్కువ, వాక్యాలు సాదాగా ఉంటాయి, అదే నేరం అయింది.

హుజూరాబాద్ టు లీడ్స్

వాడొచ్చు. పెద్ద పబ్లిషర్లు చాలావరకు ఒకటే మాట మీద ఉన్నారు. ఏఐ పేరు రచయితల్లో ఉండకూడదు, పేపర్‌లో ఉన్నదానికి పూచీ మనదే, వాడితే చెప్పాలి. ఎంత వాడితే చెప్పాలన్నది జర్నల్‌ను బట్టి మారుతుంది, వాళ్ల పేజీలో చూసుకో.

నా భయం వేరే. నీ వాక్యం "థ్రిప్స్ కౌంట్ వాజ్ నెగటివ్‌లీ కోరిలేటెడ్ విత్ ఫ్రూట్ కలర్" అనుకో. నున్నగా చెయ్యమంటే "థ్రిప్స్ రిడ్యూస్డ్ ఫ్రూట్ కలర్" అని ఇవ్వగలదు. చదవడానికి ఇదే బాగుంటుంది. కానీ నువ్వు కొలిచింది పురుగు, రంగు కలిసి మారాయని మాత్రమే. పురుగే రంగు తగ్గించిందని కాదు. జగిత్యాల సారు చెప్పిన రోగం మళ్లీ వెనక గుమ్మంలోంచి వస్తుంది, ఈసారి మంచి ఇంగ్లిష్‌లో. అందుకే మొత్తం పేపర్ ఒకేసారి వేయకు. పేరా పేరా వెయ్యి, మార్చినచోటల్లా నీ అర్థం ఉందో పోయిందో చూడు. అంకెలు, "నాట్", "ఓన్లీ", "మే" ఉన్న చోట రెండుసార్లు చూడు.

వడ్డేపల్లి మాస్టారు

కరెంటు వచ్చింది. ఏఐ మాట వింటే నాకు పాత టైపిస్టులు గుర్తొస్తున్నారు. హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల థీసిస్‌లు కొట్టే షాపులు ఉండేవి. కొందరు టైపిస్టులు కొడుతూ కొడుతూ ఇంగ్లిష్ కూడా దిద్దేసేవారు. వాళ్లకు నచ్చిన మాటలు కొన్ని ఉండేవి. కెమిస్ట్రీ అయినా కామర్స్ అయినా అన్ని థీసిస్‌లూ ఒకే గొంతుతో మాట్లాడేవి. వైవాలో ఎక్స్‌టర్నల్ ఆ వాక్యానికి అర్థమేమిటని అడిగితే స్కాలర్ గుటకలు మింగేవాడు.

రామప్ప యాత్రికుడు

ఇంత బాధ దేనికండీ? తెలుగులో రాస్తే సరిపోదా? జపాన్‌వాళ్లు, చైనావాళ్లు వాళ్ల భాషలో రాసుకోవట్లేదా?

జగిత్యాల అగ్రి

రాసుకుంటారు, కానీ ప్రపంచం చూడాలనుకున్నది వాళ్లు కూడా ఇంగ్లిష్‌లోనే వేస్తున్నారు. పైన చెప్పిన అమానో పుట్టి పెరిగింది జపాన్‌లోనే కదా. ఇంగ్లిషే శాశ్వతం అని కూడా కాదు. న్యూటన్ 1687లో లాటిన్‌లో రాశాడు, 1704 నాటికి ఇంగ్లిష్‌కు వచ్చాడు. 1905లో ఐన్‌స్టీన్ పేపర్లన్నీ జర్మన్‌లో వచ్చాయి. అప్పుడు ఇంగ్లిష్‌వాళ్లే జర్మన్ నేర్చుకోవాల్సి వచ్చింది. రేపు ఏమవుతుందో గానీ ఈ చెల్లె రివిజన్ గడువు మాత్రం రేపటిదాకా ఆగదు.

చపాట స్కాలర్

అందరికీ థ్యాంక్స్. మాస్టారు చెప్పిన వరుసలో ఇంట్రడక్షన్ మళ్లీ రాశాను, ఒక పేజీ అయింది. ఇంకో రెండు సంగతులు. ఒకటో రివ్యూయర్‌కు ఏమని జవాబు రాయాలి? గైడ్ సారు ఇంగ్లండ్‌లో ఉన్న తన ఫ్రెండ్ పేరు రచయితగా పెడితే ఇంగ్లిష్ గొడవ ఉండదంటున్నారు. అది కాదంటే, డబ్బు కడితే వారంలో వేసే జర్నల్‌కు పంపేద్దామంటున్నారు.

హుజూరాబాద్ టు లీడ్స్

పేరు పెట్టొద్దు. పనిలో చేయి వెయ్యనివాళ్లు రచయితలు కారు. భాష దిద్దినవాళ్లకు అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో థ్యాంక్స్ చెబితే సరి. సారుతో పోట్లాడకు, జర్నల్ పాలసీ పేజీ ప్రింట్ తీసి చూపించు. తన మాట కాదన్నట్టు కాకుండా జర్నల్ రూల్ అన్నట్టు ఉంటుంది.

వారంలో వేసే జర్నల్ అయితే అసలే వద్దు. ఇప్పుడు ఆ తొందర కూడా లేదు. 2022 యూజీసీ నిబంధనల్లో థీసిస్ ఇచ్చే ముందు పేపర్ వేసి తీరాలన్న షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుందేమో ఆఫీసులో కనుక్కో. మంచి జర్నళ్ల జాబితాగా ఉండే యూజీసీ కేర్ లిస్టు కూడా 2025లో ఎత్తేశారు, ఏది మంచి జర్నలో ఇప్పుడు మనమే చూసుకోవాలి.

జవాబు ఇలా రాయి: ఇంట్రడక్షన్, డిస్కషన్ మళ్లీ రాశాం, పొడవైన వాక్యాలు విడగొట్టాం, భాష మొత్తం చూసుకున్నాం, ఇంకా ఎక్కడైనా అర్థం కాకపోతే లైన్ నంబర్ చెబితే దిద్దుతాం. నేటివ్ స్పీకర్ చూశారని గానీ, చూడలేదని గానీ రాయక్కర్లేదు. లైన్ నంబర్ అడిగాక మళ్లీ ఉత్తగా "ఇంగ్లిష్" అనడం ఎవరికైనా కష్టం.

కాజీపేట జంక్షన్

ఆ లైన్ నంబర్ ముక్క బాగుంది అన్నా, నేనూ వాడుకుంటా.

జగిత్యాల అగ్రి

చెల్లె, ఒక పని చేసి పెట్టాలి. జర్నల్‌వాళ్లు పేపర్ తీసుకున్నాక ఇందులో ఉన్నది తెలుగులో ఒక పేజీ రాసివ్వు. యాసంగి ముందు మా దగ్గర రైతు సదస్సు ఉంటుంది, అక్కడ పంచుతాం. పురుగును పట్టే నీలి రంగు జిగురు అట్టలు పెట్టిన మడులు నీ పనిలో ఉంటే, వాటిలో కాయ రంగు ఎట్లా ఉందో అది తప్పకుండా ఉండాలి.

చపాట స్కాలర్

రాస్తాను సార్. కానీ నాది ఒక్క సీజన్, రెండు మండలాల డేటానే. తెలుగు పేజీలో కూడా అది చెప్పాలా?

జగిత్యాల అగ్రి

చెప్పాలి. రైతు ముందు అడిగేదే అది, ఏ ఊళ్లో చేసినవ్ అని.